గిట్ ప్రాథమిక ఆదేశాలు

గిట్ అనునది ఫైళ్ళలో జరిగిన మార్పులను వరుసక్రమంలో భద్రపరచే స్వేచ్ఛా సాఫ్టువేరు. ఇటువంటి వాటిని వెర్షన్ కంట్రోల్ వ్యవస్థలు అంటారు. ఎవరు, ఎప్పుడు, ఏ పంక్తిని మార్చారో ఇందులో నమోదగును. అవసరమైనపుడు పాత కూర్పును తిరిగి పొందవచ్చును.

చరిత్ర

లినక్స్ కెర్నెల్ రూపకర్తలు 2002 నుండి వాడుతూ వచ్చిన బిట్‌కీపర్ ఉచిత అనుమతి 2005లో రద్దయినది. ఆ ఏడాది ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ గిట్‌ను రూపొందించాడు. జులై నుండి నిర్వహణ బాధ్యతను జూనియో హమానో చేపట్టాడు. 2008లో ప్రారంభమైన గిట్‌హబ్ ద్వారా దీని వాడుక విస్తరించినది.

తెలుగు ఉదాహరణ

గుంటూరు జిల్లాలోని తెనాలి పేరుతో ప్రసిద్ధుడైన కవి పేరు పెట్టిన "తెనాలి రామకృష్ణ" ఖతిని సిలికానాంధ్ర ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో అందించినది. ఈ ఖతి ఉన్న గూగుల్ ఫాంట్స్ భాండాగారం గిట్‌లోనే నడుచుచున్నది. కనుక ఎవరైనా దానిని దింపుకొని మార్పుల చరిత్రను చూడవచ్చును.

ముఖ్యమైన ఆదేశాలు

ఆదేశాల ఉచ్చారణ ఇక్కడ తెలుగు లిపిలో ఇవ్వబడినది. టైపు చేయునపుడు ఆంగ్ల చిన్న అక్షరాలు వాడవలెను.

* గిట్ ఇనిట్: ఫోల్డరును భాండాగారంగా మార్చును.
* గిట్ క్లోన్: వేరొకచోటి భాండాగారాన్ని చరిత్రతో సహా దింపును.
* గిట్ స్టేటస్: మారిన, ఇంకా నమోదుకాని ఫైళ్ళను తెలుపును.
* గిట్ డిఫ్: ఏ పంక్తులు మారినవో చూపును.
* గిట్ యాడ్: నమోదు చేయవలసిన మార్పులను ఎంపిక చేయును.
* గిట్ కమిట్: ఎంపికైన మార్పులను వివరణతో నమోదు చేయును.
* గిట్ లాగ్: కమిట్ల జాబితాను చూపును.
* గిట్ స్విచ్: ఒక శాఖ నుండి మరొక శాఖకు మారుటకు. 2019లో చేర్చబడినది.
* గిట్ మెర్జ్: వేరొక శాఖలోని మార్పులను ప్రస్తుత శాఖలో కలుపును.
* గిట్ పుల్, గిట్ పుష్: మొదటిది ఇతరుల మార్పులను తెచ్చి కలుపును, రెండవది మన కమిట్లను పంపును.

తప్పులను సరిదిద్దుట

గిట్ రివర్ట్ పాత కమిట్‌ను చెరపదు. దానికి విరుద్ధమైన కొత్త కమిట్‌ను చేర్చును. చిట్టాలో పడిన తప్పు పద్దును కొట్టివేయక, ఎదురు పద్దు రాసి సరిచేయుట వంటిదే ఇది. ఇతరులకు పంపిన కమిట్లకు ఈ పద్ధతియే క్షేమం.

గిట్ రిసెట్ శాఖను వెనుకటి కమిట్‌కు జరుపును. దీనికి "హార్డ్" జోడించినచో, కమిట్ చేయని మార్పులు ఎటువంటి హెచ్చరిక లేకుండా తుడిచిపెట్టుకుపోవును. తప్పిపోయిన కమిట్‌ను గిట్ రిఫ్లాగ్ సహాయంతో సాధారణంగా 30 రోజుల వరకు వెదకి తెచ్చుకోవచ్చును. కాని ఒక్కసారైనా యాడ్ చేయని రాత గిట్ వద్ద ఉండదు, దానిని గిట్ తిరిగి ఇవ్వలేదు. అందువలన రిసెట్‌కు ముందు స్టేటస్ చూచుట తప్పనిసరి.

కమిట్ చేసినంత మాత్రాన పని పూర్తిగా భద్రమైనట్లు కాదు. పుష్ చేయువరకు అది సొంత కంప్యూటరులోనే ఉండును. ఆ డిస్కు చెడినచో చరిత్ర కూడా దానితోనే పోవును.