ఒక్క రూపాయి కౌలు, పేదవాడి పడక

ప్రైవేటు ఆసుపత్రి చరిత్రను మన దేశంలో సాధారణంగా ఒక వైద్యుని సంకల్పగాథగా చెబుతారు. ఆ గాథలో నిజం లేకపోలేదు. కాని అందులో ప్రభుత్వం పోషించిన పాత్ర కనుమరుగవుతుంది. ప్రభుత్వ పాత్ర కనబడని చోట ప్రజల హక్కు కూడా కనబడదు. అపోలో ఆసుపత్రుల చరిత్రను ఈ దృష్టితో చదవవలసి ఉంది.

ఖరగ్‌పూర్ తెలుగువారికి ఈ చరిత్ర దూరపుది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికై ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన కుటుంబాలకు వైద్యం కొలువుతోపాటు వచ్చిన హక్కు. రైల్వే ఆసుపత్రి వారి ఆసుపత్రి. రైల్వే కొలువు దక్కని తరువాతి తరాలకు ఆ హక్కు లేదు. ఝపటాపూర్‌లో అటువంటి ఇంట గుండెజబ్బో, క్యాన్సరో తలెత్తితే కోల్‌కతాకు పోవడమో, కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నైకో, అక్కడి నుంచి వెల్లూరుకో పోవడమో పరిపాటి. ఆ ప్రయాణాల గమ్యాలలో అపోలో ఒకటి.

చిత్తూరు జిల్లా అరగొండలో 1933లో జన్మించిన ప్రతాప్ సి. రెడ్డి అమెరికాలో హృద్రోగ వైద్యంలో శిక్షణ పొంది, 1970ల తొలినాళ్లలో మద్రాసుకు తిరిగివచ్చారు. విదేశంలో శస్త్రచికిత్సకు డబ్బు సమకూరక 1979లో ఒక యువ రోగి మరణించడమే తనను ఆసుపత్రి నిర్మాణానికి పురికొల్పిందని ఆయన పలుమార్లు చెప్పారు. 1983 సెప్టెంబరు 18న రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ మద్రాసులో 150 పడకల అపోలోను ప్రారంభించారు. 1988లో హైదరాబాదు జూబిలీహిల్స్‌లో మరొకటి వెలసింది. 1998లో ఢిల్లీ అపోలోలో ఒక పసిబిడ్డకు కాలేయ మార్పిడి విజయవంతమైంది. దేశంలో పిల్లల విషయంలో అదే మొదటిది. 2019లో చెన్నైలో క్యాన్సర్ రోగులకు ప్రోటాన్ చికిత్స ఆరంభమైంది. విదేశాలకు వెళ్తే తప్ప అందని వైద్యం స్వదేశానికి వచ్చిందన్నది కాదనలేని సత్యం.

అయితే ఆ వైద్యానికి కావలసిన యంత్రాలు విదేశాల నుంచే రావాలి. వాటిపై సుంకాల భారం అధికం. 1988 మార్చి 1న కేంద్రం ఆసుపత్రులకు ఆ సుంకం నుంచి మినహాయింపునిచ్చింది. ఊరకనే ఇవ్వలేదు. బయటి రోగులలో కనీసం 40 శాతం మందికి ఉచితంగా చికిత్స చేయాలి. నెలకు 500 రూపాయల లోపు ఆదాయం గల కుటుంబాలకు 10 శాతం పడకలు కేటాయించాలి. ఈ బాధ్యత యంత్రం దిగుమతి అయిన రోజుతో తీరిపోదనీ, అది నిరంతరం కొనసాగేదనీ 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు మెడివెల్ ఆసుపత్రి వ్యాజ్యంలో స్పష్టం చేసింది.

ఢిల్లీలో ఈ బంధం మరింత గాఢమైనది. 1996లో పని ప్రారంభించిన ఇంద్రప్రస్థ అపోలోలో ఢిల్లీ ప్రభుత్వానికి 26 శాతం వాటా ఉంది. 15 ఎకరాల ప్రభుత్వ భూమిని నామమాత్రంగా ఒక్క రూపాయి కౌలుకు ఇచ్చారు. ప్రతిగా మూడవ వంతు పడకలలో పేదలకు ఉచిత వైద్యం అందాలి. ఉచితమంటే ఏమిటన్న దగ్గర వివాదం పుట్టింది. మందులు, వైద్య సామగ్రి ఖర్చు ఉచితం కిందికి రాదని యాజమాన్యం వాదించగా, 2009 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, అన్నీ ఉచితంగానే ఇవ్వాలని తీర్పు చెప్పింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. పేదలకు ఉచిత చికిత్స అందకపోతే ఆసుపత్రిని ఎయిమ్స్‌కు అప్పగించవలసి వస్తుందని 2025 మార్చిలో ఆ న్యాయస్థానం హెచ్చరించింది. భూమి ఇచ్చి మూడు దశాబ్దాలు గడిచినా షరతు అమలు ఇంకా విచారణలోనే ఉండిపోయింది.

ఈ మధ్యకాలంలో రాజకీయ చర్చ కార్డుల వైపు మళ్లింది. 2007లో శ్రీకాకుళం సహా మూడు జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ, 2016లో పశ్చిమ బెంగాల్ ప్రకటించిన స్వాస్థ్యసాథి, 2018 నాటి ఆయుష్మాన్ భారత్, ఈ మూడూ ప్రజాధనంతో చికిత్సను కొనే పథకాలు. ఇవి ఎందరికో మేలు చేశాయి. కాని కార్డు రాష్ట్రపు గీత దాటితే దాని విలువ ప్రభుత్వాల పంతాలపై ఆధారపడుతుంది. 2019 జనవరిలో బెంగాల్ ఆయుష్మాన్ భారత్ నుంచి వైదొలగినప్పుడు ఆ పంతం మూల్యం చెల్లించినవాడు రోగి. శ్రీకాకుళంలోని బంధువుకు వర్తించే కార్డు ఖరగ్‌పూర్‌లో స్థిరపడినవానికి వర్తించదు.

కార్డు ప్రభుత్వాన్ని కొనుగోలుదారును చేస్తుంది. భూమి, సుంకం మినహాయింపు దానిని భాగస్వామిని చేశాయి. భాగస్వామికి లెక్క అడిగే అధికారం ఉంటుంది. ఆ అధికారాన్ని వాడకుండా, ముందే మూల్యం చెల్లించిన పడకకు మళ్లీ బిల్లు కట్టడం ప్రజాధనానికి రెండింతల నష్టం. రాయితీ పొందిన ప్రతి ఆసుపత్రీ దాని షరతులను, ఏటా ఉచితంగా చికిత్స పొందిన రోగుల సంఖ్యను గుమ్మంలోనే ప్రకటించాలని చట్టసభలు నిర్దేశించాలి. దూరం నుంచి రైలులో వచ్చిన రోగి ఆ పలకను చదివి అడిగేది దానం కాదు, ఒప్పందం.