పాడ్‌కాస్ట్‌లో మూడో కుర్చీ

తెలుగునాట ఇవాళ పాడ్‌కాస్ట్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఒక సోఫా, రెండు పెద్ద మైకులు, వెనక రంగురంగుల లైట్లు. యూట్యూబ్‌లో గంటల తరబడి సాగే మాటామంతీకి ఆ పేరు స్థిరపడిపోయింది. పుట్టినప్పుడు మాత్రం దీనికి సోఫా లేదు, కెమెరా లేదు. ఉన్నదల్లా ఒక ఎంపీ3 ఫైలు, దాన్ని వినేవాళ్ల కంప్యూటర్‌కు తనంతట తానే చేర్చే చిన్న ఏర్పాటు.

ఆ ఏర్పాటు పేరు ఆర్ఎస్ఎస్. వెబ్‌సైట్లలో కొత్తగా ఏం వచ్చిందో పాఠకులకు అందించే పద్ధతి అది. రాతతో పాటు ఆడియో ఫైలునీ జతచేసి పంపే వీలును అమెరికన్ ప్రోగ్రామర్ డేవ్ వైనర్ 2000 డిసెంబరులో అందులో కల్పించారు. అలా చేయమని ఆయన వెంటపడింది ఎంటీవీలో వీజేగా పేరు తెచ్చుకున్న ఆడమ్ కర్రీ. 2003లో బోస్టన్ రేడియో జర్నలిస్టు క్రిస్టఫర్ లైడన్ చేసిన ఇంటర్వ్యూలు ఈ దారిలోనే శ్రోతలకు చేరాయి. దీన్ని ఏమని పిలవాలంటూ 2004 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రికలో బెన్ హామర్స్‌లీ మూడు పేర్లు రాశారు. వాటిలో నిలిచింది పాడ్‌కాస్టింగ్. 2005 జూన్‌లో ఆపిల్ తన ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్ట్‌లకు చోటిచ్చింది. రెండే రోజుల్లో 10 లక్షల సబ్‌స్క్రిప్షన్లు వచ్చాయని ప్రకటించింది.

మైకు ముందు ఇద్దరు కూర్చునే పద్ధతి కూడా దాదాపు అప్పుడే మొదలైంది. 2004లో విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన డాన్, డ్రూ అనే భార్యాభర్తలు తమ ఇంటి కబుర్లనే రికార్డు చేసి వదిలారు. స్క్రిప్టు లేదు, అతిథులు లేరు. ఆలుమగల ఛలోక్తులూ కీచులాటలే కార్యక్రమం. తొలినాటి పాడ్‌కాస్ట్‌లలో బాగా జనాదరణ పొందినవాటిలో అదొకటి.

ఒక్కరే మాట్లాడితే ఆ మాటలు మన మీదికే వస్తాయి, మనసులోనైనా ఊకొట్టాలి. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఆ బాధ్యత ఉండదు. వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, మనం పక్కనే మూడో కుర్చీ లాక్కుని కూర్చుంటాం. హెడ్‌ఫోన్ ఆ దగ్గరితనాన్ని ఇంకా పెంచుతుంది. రెండు చెవుల్లోనూ ఒకే ధ్వని సమానంగా పడితే ఆ గొంతు బయట ఎక్కడి నుంచో కాక మన తలలోనే పలుకుతున్నట్టు తోస్తుంది.

ఎన్నడూ కలవని మనిషి మనవాడైపోవడం పాడ్‌కాస్ట్ తెచ్చిన వింత కాదు. రేడియో, టీవీ ప్రయోక్తలతో ప్రేక్షకులు పెంచుకునే ఈ ఏకపక్ష స్నేహం గురించి డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ 1956లోనే పరిశోధన వ్యాసం రాశారు. మనకైతే ఆ శాస్త్రం కంటే ముందే అనుభవం ఉంది. మద్రాసు ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమాలు నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు తెలుగు పిల్లలందరికీ రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. ముఖం చూడని పిల్లలు కూడా వాళ్లతో వరస కలిపేసుకున్నారు.

గొంతులకున్న ఈ బలం 2005 డిసెంబరులో మరోసారి రుజువైంది. గార్డియన్ వెబ్‌సైట్‌లో హాస్యనటుడు రికీ జర్వైస్, ఆయన తోటి రచయిత స్టీఫెన్ మర్చంట్, వాళ్ల పాత రేడియో ప్రొడ్యూసర్ కార్ల్ పిల్కింగ్టన్ కలిసి కబుర్లు మొదలుపెట్టారు. పిల్కింగ్టన్ సీరియస్‌గా ఏదో వింత సిద్ధాంతం చెబుతాడు, జర్వైస్ పడీపడీ నవ్వుతాడు. అంతే సరుకు. మొదటి నెలలో ఒక్కో భాగానికి సగటున 2,61,670 డౌన్‌లోడ్లు వచ్చి గిన్నిస్ రికార్డుకెక్కింది. 2010లో అమెరికన్ టీవీ చానల్ హెచ్‌బీఓ దాన్ని టీవీకి తెచ్చినప్పుడు కొత్తగా షూటింగ్ చేయలేదు. పాత ఆడియోకే కార్టూన్ బొమ్మలు గీయించింది.

అలాగని వీడియో నిన్నమొన్న వచ్చింది కాదు. న్యూయార్క్ నుంచి రాకెట్‌బూమ్ అనే చిన్న వీడియో కార్యక్రమం 2004లోనే మొదలైంది. 2005 అక్టోబరులో వీడియో ఆడే ఐపాడ్ కూడా వచ్చింది. అయినా చాలాకాలం ఆడియోదే రాజ్యం. కారణం సాంకేతికమే. 64 కేబీపీఎస్‌లో గంట ఆడియో 29 ఎంబీలో ఇమిడిపోతుంది, గంట వీడియోకు వందల ఎంబీలు కావాలి. పైగా బండి నడుపుతూ, అంట్లు తోముతూ వినగలం గానీ చూడలేం.

మరి కెమెరా ఎలా గెలిచింది? ఆర్ఎస్ఎస్‌కు ఒక లోపం ఉంది. తెలిసినవాళ్లకు నమ్మకంగా చేరవేస్తుంది తప్ప కొత్తవాళ్లను వెతికి తీసుకురాదు. ఆ పని యూట్యూబ్ చేసింది. రెండు గంటల సంభాషణలోంచి నిమిషం ముక్క కోసి వదిలితే అదే ఊరంతా తిరిగి ప్రచారం చేస్తుంది. 2009 డిసెంబరులో అమెరికన్ హాస్యనటుడు జో రోగన్ తన మిత్రుడు బ్రయన్ రెడ్‌బ్యాన్‌తో కలిసి మొదలుపెట్టిన కార్యక్రమం తొలిరోజు నుంచే ఇంటర్నెట్‌లో వీడియోగా ప్రసారమైంది. 2024లో గూగుల్ తన ఆడియో యాప్ గూగుల్ పాడ్‌కాస్ట్స్‌ను మూసేసి శ్రోతలను యూట్యూబ్ మ్యూజిక్ వైపు పంపింది. 2025 ఫిబ్రవరిలో తన పాడ్‌కాస్ట్ వీక్షకులు నెలకు 100 కోట్లు దాటారని యూట్యూబ్ చెప్పుకుంది. ఇక మన దేశంలో 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకైంది. ఆర్ఎస్ఎస్ అనే మెట్టు ఎక్కకుండానే తెలుగువాళ్లు నేరుగా వీడియోలోకి దిగారు.

కెమెరా వచ్చాక కార్యక్రమాన్ని కలిసి నడిపే కో హోస్ట్‌ల పనీ మారింది. ఆడియోలో నీళ్లు నమిలిన చోట కత్తిరిస్తే ఎవరికీ తెలియదు. వీడియోలో అదే కోతకు మనిషి తల ఠక్కున పక్కకు గెంతుతుంది. ఆ అతుకు కప్పడానికి రెండో కెమెరా, మూడో కెమెరా కావాలి. ఇంట్లో పైజామాతో చేసిన పనికి స్టూడియో, బట్టలు, మేకప్ తోడయ్యాయి. అసలు మార్పు వినేవాళ్ల స్థానంలో వచ్చింది. ఆడియోలో చిరాకైనా మెచ్చుకోలైనా గొంతులోకి రావాల్సిందే, కనుక ఇద్దరి మధ్య జరిగేదంతా మూడో కుర్చీకీ అందేది. వీడియోలో కనుసైగతో సరిపోతుంది. ఆ సైగను ప్రేక్షకుడు పట్టుకుని ఇద్దరికీ పడటం లేదేమోనని ఆరా తీస్తాడు. కుర్చీలోంచి లేచి గ్యాలరీలో కూర్చుంటాడు.

ఇద్దరి జోడీ మీద కార్యక్రమం ఎంత ఆధారపడుతుందో అమెరికాలో రిప్లై ఆల్ అనే పాడ్‌కాస్ట్ చూపించింది. పీజే వోట్, అలెక్స్ గోల్డ్‌మన్‌ల స్నేహమే దాని ప్రాణం. 2021లో వోట్ తప్పుకున్నారు. 2022 జూన్‌లో కార్యక్రమమే ముగిసింది. మంచి కెమెరాలు గానీ, కొత్త స్టూడియో గానీ ఆ లోటు పూడ్చలేవు.

ఇప్పుడు చాలా కార్యక్రమాలు రెండు పడవల్లోనూ ఉన్నాయి. ఒకే సంభాషణ యూట్యూబ్‌లో వీడియోగా, స్పాటిఫైలాంటి చోట ఆడియోగా దొరుకుతోంది. దాంతో కో హోస్ట్‌లలో ఒకరికి కొత్త పని పడింది. అతిథి ఫోనులో ఫోటో చూపించగానే అందరూ నవ్వుతారు. ఒకరు మాత్రం నవ్వు ఆపుకుని, వింటున్నవాళ్ల కోసం ఆ ఫోటోలో ఏముందో చెబుతారు. ఆ ఒక్క వాక్యం మరిచిపోయిన రోజున బస్సులో ఇయర్‌ఫోన్ పెట్టుకున్న మనిషి ఆ నవ్వుకు పరాయివాడవుతాడు.