'మా భూమి' సినిమా – మన జిల్లా చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. కోటల గురించి, గుళ్ల గురించి రాసేవారు మనలో చాలామందే ఉన్నారు గనుక, నేను ఒక సినిమా గురించి రాస్తానన్నాను. "సినిమా చరిత్ర ఎట్లయితది సార్?" అన్నారొకరు. ఆ సినిమా పేరు 'మా భూమి'. మన జిల్లాలో జరిగిన యుద్ధం మీద తీసిన చిత్రం.

యుద్ధం అనే మాట తెలిసే వాడుతున్నాను. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. 1951 అక్టోబరు 21న పోరాటాన్ని విరమించారు. నాలుగేళ్లు తుపాకులు పేలిన ఊళ్లలో కాపురమున్న వారికి అది యుద్ధం కాక మరేమిటి? పుచ్చలపల్లి సుందరయ్య గారి గ్రంథంలో ఇచ్చిన లెక్క ప్రకారం సుమారు 3,000 గ్రామాలు దీనిలో పాల్గొన్నాయి. 10 లక్షల ఎకరాలు పంచబడ్డాయి. 4,000 మంది చనిపోయారు. పార్టీ లెక్క గనుక కొంత తీసివేసి చూసుకున్నా చిన్న సంగతి కాదు.

'బండెనక బండి' పాట తెలియని ఇల్లు ఈనాటికీ మన ప్రాంతంలో లేదు. అది బండి యాదగిరి కట్టిన పాట. తెర మీద దాన్ని పాడుతూ కనబడింది గద్దర్. 2023 ఆగస్టులో ఆయన పోయినప్పుడు ఆ పాట ప్రతి టీవీలోనూ వచ్చింది. కానీ ఆ పాట ఏ సినిమాలోదని మా ఇంటి పిల్లలనడిగితే ఒక్కరూ చెప్పలేదు. పాట బతికింది గానీ సినిమాను సగం మరిచిపోయారు.

చిత్రం పుట్టిన తీరు విచిత్రమైనది. కథకు మూలం కిషన్ చందర్ ఉర్దూలో రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల. దర్శకుడు గౌతం ఘోష్ బెంగాలీ. ఆయనకు ఇదే మొదటి కథాచిత్రం. డబ్బు పెట్టిన బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ మనవాళ్లు. కథానాయకుడు రామయ్యగా వేసిన సాయిచంద్ రచయిత త్రిపురనేని గోపీచంద్ గారి కుమారుడు. యుద్ధం నల్లగొండది, చిత్రీకరణ మాత్రం మెదక్ జిల్లా మంగళపర్తిలో. 1980 మార్చిలో విడుదలై, హైదరాబాదులో ఉదయం ఆటలుగా నెలల తరబడి నడిచింది. అప్పటికి మన భాషను సినిమాల్లో హాస్యగాడికో, రౌడీకో ఇచ్చేవారు. ఇందులో అందరూ మనలాగే మాట్లాడారు. ఆ ఒక్క కారణానికే రెండోసారి చూసినవారున్నారు.

నేను అప్పుడు తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.ని. గవర్నమెంటు నౌకరీలో ఉండి ఎర్రజెండా సినిమా చూస్తే ఎవరేమంటారోనని కొందరు వెనకాడారు. మా ఆఫీసు అటెండరు ఒకాయన మాత్రం రెండుసార్లు చూశాడు. వెట్టి ఘట్టం రాగానే రెండుసార్లూ బయటికి పోయి బీడీ తాగి వచ్చాడట. "మా నాయిన మోసిన మూటలే మళ్లీ చూడాల్నా సారూ" అన్నాడు.

ఈమధ్య మనుమడి ఫోనులో ఆ నలుపు తెలుపు సినిమాను మళ్లీ పూర్తిగా చూశాను. రామయ్య వెట్టివాని కొడుకు. తను ప్రేమించిన చంద్రిని దొర కన్ను పడి పోగొట్టుకుంటాడు. ఊరు విడిచి హైదరాబాదు పోయి, అక్కడ రిక్షా లాగుతూ, కార్మిక సంఘం వారి దగ్గర అక్షరం నేర్చుకుని తిరిగివస్తాడు. సంఘం, గుత్పలు, రజాకార్లు, భూముల పంపకం వరుసగా వస్తాయి. యువకునిగా చూసినప్పుడు నాకు గడీ మీద దాడి బాగుందనిపించింది. ఇప్పుడు మాత్రం నన్ను ఆపింది చివరి భాగం. 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య అయిదు రోజుల్లో ముగిసింది. నిజాం లొంగాడు. జనం పండుగ చేసుకుంటుండగా, పారిపోయిన దొర ఖద్దరు తొడుక్కుని సైన్యం వెంట ఊరికి తిరిగివస్తాడు. సైన్యం తుపాకీ ఈసారి రామయ్య మీదికి తిరుగుతుంది. అతడు చనిపోతాడు.

అది అతిశయోక్తి అని అప్పట్లో పత్రికల వారే కాదు, మా ఆఫీసులో పెద్దలు కూడా అన్నారు. ముప్పై ఏళ్లు రెవెన్యూ కాగితాల్లో బతికినవాణ్ణిగా ఇక్కడ నా మాట చెప్పాలి. సంఘం పంచిన భూమి నేను తిరగేసిన ఏ రిజిస్టరులోనూ లేదు. 1358 ఫసలీ ఉర్దూ కాగితాల్లో లేదు, 1954–55 ఖాస్రా పహాణీలో లేదు. భూమి దున్నిన రెండు మూడు పంటలు జనం నోట ఉన్నాయి గానీ సర్కారు కాగితం మీదికి రాలేదు.

అయితే ఆ రామయ్యలు ఊరికే పోలేదు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదారు అనే హక్కును పుట్టించింది. 1951 ఏప్రిల్ 18న వినోబా గారు మన పోచంపల్లిలో ఉండగా వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు దానమిచ్చారు. తుపాకీ భయం లేకుంటే ఇవన్నీ అంత తొందరగా జరిగేవని నేననుకోను. 1952 ఎన్నికల్లో నల్లగొండ జనం రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ గారి కంటే ఎక్కువ ఓట్లు వేసి పార్లమెంటుకు పంపారు.

ఇక ఆ రక్షిత కౌలుదార్ల గతి ఏమైంది? ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో 1950లలో హైదరాబాదు జిల్లాల్లో విచారణ జరిపి పుస్తకం వేశారు. కొద్ది సంవత్సరాల్లోనే నూటికి సుమారు 22 మందిని చట్టవిరుద్ధంగా వెళ్లగొట్టారు, మరో 17 మందికి పైగా తమంతట తామే వదులుకున్నట్టు లెక్కకెక్కారు. ఆ వదులుకున్న కాగితాలు నేను చూశాను. రాజీనామా అంటాం మనం. 38–ఇ కేసులకు నకళ్లు తీసేటప్పుడు ఒక కట్టలో పదకొండు రాజీనామాలు వచ్చాయి. అన్నింటిలో ఒకటే చేతిరాత, ఒకటే సిరా. మాటలు కూడా అవే: 'నా సొంత ఇష్టంతో, ఎవరి బలవంతం లేకుండా'. కింద పదకొండు వేలిముద్రలు. నకలు తీసిచ్చే గుమాస్తాకు అభిప్రాయం రాసే కాలమ్ ఉండదు. తీసిచ్చాను. సినిమాలో దొర తిరిగిరావడం రెండు నిమిషాల ఘట్టం. ఆ పదకొండు కాగితాలు దాని తరువాతి రీలు.

సినిమాకు లోటు లేదని కాదు. ఆడవాళ్లను బాధపడేవారిగానే చూపింది. పాలకుర్తిలో విసునూరు దేశముఖుకు ఎదురునిలిచి తన పంట తాను ఇంటికి చేర్చుకున్న చాకలి ఐలమ్మ అప్పటికి బతికే ఉంది. 1985లో గాని చనిపోలేదు. ఆమె వంటి వారికి తెర మీద చోటు దొరకలేదు. దళాల్లో పనిచేసిన ఆడవాళ్లు తమ నోట చెప్పిన మాటలు 1986లో స్త్రీశక్తి సంఘటన వారు వేసిన 'మనకు తెలియని మన చరిత్ర'లో వచ్చాయి. సినిమా చూసినవారు ఆ పుస్తకం కూడా చదవాలి. పోరాటం ముగిశాక "ఇక ఇంటికి పొండి" అంటే వాళ్లకేమనిపించిందో అందులో ఉంది.

పాత మన జిల్లా ఎంత పెద్దదో కూడా మన పిల్లలకు తెలియదు. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి, ఐలమ్మ పాలకుర్తి అప్పుడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోవే. 1953లో ఆ తాలూకా వరంగల్లుకు పోయింది. ఇప్పుడు జనగామే జిల్లా.

మహబూబునగర్ సభ్యులు మా వంతు ఏదని అడగవచ్చు. సైన్యం వచ్చాక దళాలు తలదాచుకున్నది అమ్రాబాదు వైపు నల్లమలలోనే. అంతకు ముందు, 1947 అక్టోబరులో, ఆత్మకూరు దగ్గర అప్పంపల్లిలో నిజాం పోలీసుల కాల్పులకు జనం బలయ్యారు. ఆ ఊరి పెద్దలు చెప్పగా విన్నవారు మన సంఘంలో ఇంకా ఉన్నారు. అప్పంపల్లి సంగతి పాలమూరు మిత్రులు ఎవరైనా వచ్చే సంచికకు రాయగోరుతున్నాను.