కోడిపిల్లల కాలివంకర: కారణాన్వేషణ చరిత్ర

పెరటికోళ్ల కాలమున కాలు వంకరపోయిన పిల్ల అరుదుగా కంటబడెడిది. పొదుగు దిగిన తల్లికోడి పిల్లలను పెంటకుప్పలవెంట, గడ్డివాములవెంట త్రిప్పుచు, పురుగును గింజను పచ్చియాకును ముక్కుతో చూపుచు, కావలసినంత ఎండ తగులనిచ్చి నీడపట్టునకు చేర్చుచుండగా, వాని యెముకలకు వలసినవన్నియు ఎవరును లెక్కింపకయే సమకూడెడివి. ఒకవేళ కుంటిపిల్ల పుట్టినను, దానిని గ్రద్దయో పిల్లియో ముందుగా ఏరుకొనిపోవుటచే అది లెక్కకు వచ్చెడిది కాదు. ఇరువదవ శతాబ్దమున పొదుగు యంత్రములు వ్యాపించి, తల్లిలేని పిల్లలను వేలకొలది గదులలో పెంచ నారంభించిన పిమ్మటనే కాలివైకల్యము ఒక పెద్ద సమస్యగా పరిణమించెను. ఆ సమస్య చరిత్ర యంతయు, నా దృష్టిలో, పెరడు ఊరక యిచ్చినవానిని మానవుడు ఒక్కొక్కటిగా గుర్తించి తిరిగి చెల్లించిన చరిత్రయే.

తొలిపాఠము జావాద్వీపమున దొరకెను. 1890 ప్రాంతమున బటేవియాలో బెరిబెరి వ్యాధిని పరిశోధించుచున్న డచ్చి వైద్యుడు ఐక్‌మన్, తన ప్రయోగశాలలోని కోళ్లు కాళ్లు పడిపోయి నిలువలేకుండుట గమనించెను. సైనికాసుపత్రిలో మిగిలిన తెల్లని అన్నము వానికి మేతగా పడుచున్నంత కాలము జబ్బుండెను. క్రొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల అన్నము కోళ్లకు పెట్టనని మొండికెత్తగా, దంపుడు బియ్యము తిని అవి కోలుకొనెను. బియ్యములోనే ఏదో విషమున్నదని ఐక్‌మన్ మొదట తలచెను గాని, తవుడుతో పోయిన ఏదో పోషకము కొరవడుటయే కారణమని 1901లో అతని సహచరుడు గ్రైన్స్ నిర్ణయించెను. ఇది నరముల దౌర్బల్యమే గాని యెముకల వంకర కాదు. అయినను కోడికాలిని చూచి మేతను శంకింపవలెనను బుద్ధి లోకమునకు అప్పుడే కలిగెను.

యెముకల సంగతి అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున తేలెను. గదులలో పెరిగిన పిల్లలు కాళ్లు మెత్తబడి కూలబడుచుండగా, 1922లో హార్ట్, హాల్పిన్, స్టీన్‌బాక్ అనువారు కాడ్‌చేప కాలేయ తైలము రికెట్సు అను ఆ వ్యాధిని నివారించునని చూపిరి. ఎండయు అంతపనియే చేయునని పిమ్మట రుజువయ్యెను; అయితే కిటికీ అద్దముగుండ వచ్చు వెలుగు పనికిరాదు, ఏలయన ఎండలోని మేలుచేయు కిరణములను అద్దము అడ్డగించును. ఈ రెండింటి మేలునకు మూలమైన విటమిన్ డి లభ్యమైన తరువాతనే ఏడాది పొడవునను మూసినగదులలో పిల్లలను పెంచుట సాధ్యమయ్యెను.

రికెట్సు తొలగినను వేరొక వంకర మిగిలెను. కోడికాలి నడుమనుండు కీలును మనము మోకాలని భ్రమింతుము. అది నిజమునకు మడమ. దాని వెనుక గాడిలో నడచు లావుపాటి స్నాయువు ప్రక్కకు జారిపోగా, కీలు వాచి, చదునై, కాలు క్రిందిభాగము వెలుపలికి మెలిదిరుగును. పిల్ల ఆ కీళ్లమీదనే ప్రాకుచు మేతతొట్టిని చేరలేక శుష్కించును. తీగవలల నేలమీద పెరుగు పిల్లలలో ఇది హెచ్చుగా కానరాగా చాలమంది నేలను నిందించిరి. 1932లో అమెరికా వ్యవసాయశాఖకు చెందిన టైటస్ దీనికి పెరోసిస్ అని పేరిడెను. యెముకల జబ్బే గదా యని కొందరు యెముకల పొడిని మరింత కలిపిరి. విచిత్రముగా వ్యాధి మరింత ముదిరెను. 1936లో కోర్నెల్ విశ్వవిద్యాలయమున విల్గస్, నోరిస్, హ్యూసర్ అనువారు దీని గుట్టు విప్పిరి: మేతలో మాంగనీసు కొరత! యెముకల పొడితో అధికముగా చేరిన కాల్షియము, ఫాస్ఫరసు ఉన్న కొద్ది మాంగనీసును గూడ ఒంటికి పట్టనీయవు. కిలో మేతకు 50, 60 మిల్లీగ్రాములు చాలును గాని, మొక్కజొన్నలో అది మిక్కిలి స్వల్పము; మన తవుడులో సమృద్ధము. నూకలు తవుడు కలిపి చల్లిన మన ముసలమ్మలకు ఈ శాస్త్రము తెలియదు, తెలియవలసిన అగత్యమును కలుగలేదు.

మాంగనీసు చాలినను కొన్ని మందలలో పెరోసిస్ పోలేదు. కోలీను అను పోషకము లోపించినను ఇదే కలుగునని 1940లో కాలిఫోర్నియాలో జూక్స్ టర్కీ పిల్లలలో కనుగొనెను. బయోటిన్, ఫోలికామ్లముల కొరతయు అట్టిదే యని తరువాత తేలెను. జూక్స్ 1942లో లెడర్లీ ప్రయోగశాలలకు చేరెను. 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా సాధించిన అచ్చటి పరిశోధనమునకు సారథ్యము వహించినవాడు భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు.

వ్రేళ్లు లోపలికి పిడికిలివలె ముడుచుకొని పిల్ల మడమలమీద నడచు జబ్బు రైబోఫ్లేవిన్ అను విటమిను లోపమువలన కలుగును. ఆ విటమినును ఆరంభమున నిచ్చిన లొంగును, నరములు చెడినపిమ్మట లొంగదు. జారు నేలపై కాళ్లు చెరియొక ప్రక్కకు విడిపోవు పిల్లలకుమాత్రము ఏ విటమినుతోను ప్రయోజనము లేదు. మెత్తని అంటుపట్టీతో రెండు కాళ్లను, సహజముగా నిలుచునంత యెడముంచి, మడమల దిగువను జతచేసి, నీరు మేత దగ్గర నుంచినచో పెక్కు పిల్లలు కొలది దినములలో నిలద్రొక్కుకొనును. పట్టీ బిగుసుకొనకుండ దినదినము చూచి మార్చవలెను, ఏలయన ఆ వయసున కాలు త్వరగా లావెక్కును.

మాంసముకొరకు అతివేగముగా పెరుగు జాతులు వచ్చినపిమ్మట, మృదులాస్థి యెముకగా మారక మిగిలిపోవు వేరొక వైకల్యమును 1965లో లీచ్, నెషైమ్ వర్ణించిరి. ఇందు మేతకును పాత్ర కలదు గాని, దేహము కాళ్లను మించి పెరుగునట్లు మనమే జాతులను ఎన్నుకొనుటయు దీనికి మూలము; ఈ తప్పును సవరింపవలసినది జాతిని పెంపొందించువారే, కోళ్లఫారము రైతు కాడు.

ఇంట కొలది పిల్లలను పెంచు చదువరులకు ఒక్క విన్నపము: పెట్టెలో వార్తాపత్రిక పరవకుడు, దారములూడని గరుకుబట్ట పరవుడు, ఒక పిల్ల కుంటగానే మేతసంచి మార్చి చూడుడు, స్నాయువు పూర్తిగా జారి కాలు మెలిపడిన పిల్లను ఔషధములతో వేధింపక, పశువైద్యునిచే నొప్పి లేకుండ దాని బాధ ముగింపించుడు.