పడకలు, పడవలు, పొలిమేరలు

మహమ్మారి వచ్చినప్పుడల్లా ప్రభుత్వాలు ముందుగా చెప్పేది పడకల లెక్క. ఇన్ని వేలు సిద్ధం చేశామన్న ప్రకటన వినడానికి ధీమాగానే ఉంటుంది. ఆ అంకె ఒక్కటే ఎంతవరకు ఆదుకుంటుందో గత నూటయాభై ఏళ్ల చరిత్ర తిరగేస్తే తెలుస్తుంది.

19వ శతాబ్దపు లండన్‌లో ఏ పేటలోని పేదల బాధ్యత ఆ పేట పాలకులదే. మశూచి మాత్రం పేటల హద్దులు చూసుకుని పాకదు కదా! 1867లో చట్టం చేసి మహానగరమంతటికీ కలిపి మెట్రోపాలిటన్ అసైలమ్స్ బోర్డును ఏర్పాటు చేశారు. విషజ్వరాల, మశూచి రోగుల ఆసుపత్రులు కట్టడం దాని పని. రోగుల పోషణకయ్యే ఖర్చు ఉమ్మడి నిధి నుంచి వచ్చేది. అంటే సంపన్నుల పేటలు కట్టిన పన్ను తూర్పు లండన్ కూలీల వైద్యానికీ చేరేది. నా దృష్టిలో ఆ చట్టంలోని అసలు తెలివి ఇదే.

బోర్డు కుదురుకోకముందే 1870లో మశూచి విరుచుకుపడింది. రెండేళ్లలో ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 42 వేల మందిని పొట్టనబెట్టుకుంది. హాంప్‌స్టెడ్‌లో హడావుడిగా వేసిన తాత్కాలిక షెడ్లు రోగులతో నిండిపోయాయి. ఆసుపత్రి కావాల్సిందే, కానీ మా ఇళ్ల పక్కన వద్దని స్థానికులు కోర్టుకెక్కారు. దావా వేసినవారిలో తపాలా బిళ్లకు ఆద్యుడైన రోలాండ్ హిల్ ఒకరు. ఆయన 1879లో కన్నుమూసినా కేసు నడిచింది. ఇరుగుపొరుగుకు హాని కలిగించే హక్కును చట్టం బోర్డుకు ఇవ్వలేదని 1881లో ప్రభువుల సభ తేల్చింది. లండన్‌లోనే ఉన్న ఫుల్హామ్ మశూచి ఆసుపత్రి చుట్టుపక్కల మశూచి ఎక్కువగా ఉందని పవర్ అనే వైద్యుడు జరిపిన పరిశీలన కూడా స్థానికుల భయానికి బలమిచ్చింది.

నేల మీద చోటు దొరకని బోర్డు నీటి మీదికి వెళ్లింది. అట్లాస్, ఎండిమియన్ అనే పాత యుద్ధనౌకలను, కాస్టాలియా అనే ప్రయాణికుల ఓడను ఆసుపత్రులుగా మార్చి, లండన్ వంతెనకు సుమారు 17 మైళ్ల దిగువన థేమ్స్‌లో లంగరు వేసింది. అంత దూరం రోగిని చేర్చేదెలా? అందుకోసం గుర్రపు అంబులెన్సులు, రేవులు, రోగులను తీసుకెళ్లే ఆవిరి పడవలు సమకూర్చుకుంది. పడక ఎంత ముఖ్యమో దారీ అంతే ముఖ్యమని వారికి అలా తెలిసొచ్చింది. 1891 నాటికి ఈ ఆసుపత్రుల తలుపులు నిరుపేదలకే కాక అందరికీ తెరుచుకున్నాయి.

  

దారి ఉన్నా చేతులు చాలకపోతే ఏమవుతుందో 1952లో కోపెన్‌హాగన్ చూసింది. పోలియో రోగులు బ్లెగ్డామ్ ఆసుపత్రికి పోటెత్తారు. శ్వాస కండరాలు చచ్చుబడినవారికి పెట్టడానికి అక్కడున్న యంత్రాలు ఏడే. తొలి వారాల్లో అలాంటి 31 మందిలో 27 మంది చనిపోయారు. మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ గొంతుకు రంధ్రం చేసి గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించవచ్చని ఒక బాలిక విషయంలో చూపించాడు. ఆపై సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు సంచులు నొక్కారు. ఒక దశలో ఏకకాలంలో 70 మంది రోగుల ప్రాణాలు వారి చేతుల్లోనే ఉన్నాయి. నేటి ఇంటెన్సివ్ కేర్‌కు అక్కడే పునాది పడింది.

ఈ చేతుల పాఠం 2020లో కోవిడ్ వచ్చేనాటికి లండన్‌కు గుర్తులేదు. 4,000 పడకల దాకా పెంచుకునేలా నైటింగేల్ ఆసుపత్రిని రోజుల్లో సిద్ధం చేశారు. తొలి విడతలో అక్కడ చికిత్స పొందింది 54 మంది. మంచాలు వేసినంత వేగంగా నర్సులు తయారుకారు.

2021లో మనకు కొరవడింది ఆక్సిజన్. దేశంలో తొలి ఆక్సిజన్ రైలు మహారాష్ట్ర కోసం ట్యాంకర్లు నింపుకున్నది విశాఖ ఉక్కు కర్మాగారంలోనే. మూడు వారాలు తిరక్కముందే, మే 10 రాత్రి, తిరుపతి రుయా ఆసుపత్రికి ట్యాంకర్ ఆలస్యమై ఆక్సిజన్ పీడనం పడిపోయింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే 11 మంది మరణించారు. పడకలపై ఉన్నవారే వారంతా.

అవే రోజుల్లో కర్నూలు వైపు నుంచి హైదరాబాద్ బయల్దేరిన అంబులెన్సులను పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర తెలంగాణ పోలీసులు ఆపేశారు. హైకోర్టు కల్పించుకుంటే గానీ దారి తెరుచుకోలేదు. తమ ప్రజలకే పడకలు చాలవన్న తెలంగాణ ఆందోళన అర్థంలేనిదేమీ కాదు. కానీ రాయలసీమ రోగి పెద్ద వైద్యానికి హైదరాబాద్‌కో, బెంగళూరుకో, చెన్నైకో వెళ్లడం దశాబ్దాల వాడుక. రాష్ట్రం హద్దు వేరు, వైద్యం హద్దు వేరు. పొరుగు రోగికి ఎన్ని పడకలు, ఆ ఖర్చు ఎవరిది, ట్యాంకర్‌కు దారి ఎవరు ఇవ్వాలి అన్నవి జబ్బు లేని రోజుల్లోనే ఈ రాష్ట్రాలన్నీ కూర్చుని కాగితం మీద రాసుకోవాలి.