కొత్తమ్మతల్లి జాతర

శ్రీకాకుళం జిల్లా టెక్కలి శాసనసభ నియోజకవర్గంలోని కోటబొమ్మాళిలో వెలసిన గ్రామదేవత కొత్తమ్మతల్లికి ఏటా జరిగే ఉత్సవం. పొలాల అమావాస్య దాటాక, మంగళవారం మొదలై మూడు రోజులు సాగుతుంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా జరిపింది. ఆ గుర్తింపు రాకముందూ చుట్టుపక్కల ఊళ్లకు ఇది పెద్ద పండుగే.

జాతరకు ప్రాణం ఘటాలు. కుండకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు చుట్టి, పైన దీపం వెలిగిస్తారు. ఆడవాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకుని డప్పుల వెంట గుడికి నడుస్తారు. దారి పొడవునా ఇళ్లవాళ్లు బిందెలతో పసుపునీళ్లు కాళ్ల మీద పోస్తారు. చీర, పసుపు, కుంకుమ, చలివిడి సమర్పించడం, మొక్కుబడి కోళ్లు కోయడం మామూలే. ఆ రోజుల్లో కూతుళ్లు అల్లుళ్లతో పుట్టింటికి వస్తారు, ఇక వంటింటికి తీరికుండదు.

ఇదే జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో వరస వేరు. అక్కడ చాలా ఊళ్లు అమ్మవారి సంబరాలు ఏటా కాకుండా కొన్నేళ్లకోసారి చేస్తాయి. వలసపోయినవాళ్లు చందాలు పంపుతారు, వీలైనంతమంది సెలవు పెట్టి వస్తారు.