ఎండుకట్టెకు నీళ్లు మోసిన యోహాను

సంక్రాంతి సందడి సద్దుమణిగే వేళకు జనవరి 17 వస్తుంది. కతోలికుల క్యాలెండర్‌లో అది ఈజిప్టు అంతోనివారి పండగ. మన విచారణల్లో జూన్ 13న చేసుకునే పదువా అంతోని వేరు. ఈయన అంతకు దాదాపు 900 ఏళ్ల ముందటివాడు. యూరప్‌లో చాలా ఊళ్లలో జనవరి 17న పశువులను గుడి ముందుకు తోలుకొచ్చి దీవెన పొందుతారు. మన కనుమ పక్కనే ఇంకో పశువుల పండగ!

అమ్మానాన్నలు పోయాక అంతోని తన పొలాన్ని ఊరివాళ్లకు ఇచ్చేసి, ఎడారిలో పాడుబడ్డ కోటలో 20 ఏళ్లు ఒంటరిగా ఉన్నాడు. 356లో కన్నుమూశాడు. అప్పటికే ఎందరో ఆయన దారి పట్టారు. స్కేటిస్ అనే చోట ఒక్కొక్కరిదీ ఒక్కో గది. వారమంతా ఖర్జూరపాకుతో బుట్టలు, తాళ్లు అల్లుతూ, పెదవుల మీద కీర్తనలు చెప్పుకుంటూ గడిపేవారు. శని, ఆదివారాల్లోనే అందరూ కలిసేది. వాళ్ల మౌనానికి చేతినిండా పని ఉండేది.

అక్కడి పొట్టి యోహాను కథంటే నాకు ప్రాణం. గురువు ఒక ఎండుకట్టెను పాతి, కాయ కాసేదాకా రోజూ కడవెడు నీళ్లు పొయ్యమన్నాడట. నీళ్లు ఎంత దూరమంటే, సాయంత్రం బయల్దేరితే తిరిగొచ్చేసరికి తెల్లారేది. బోరు ఎండిపోయాక ట్యాంకర్ నీళ్లతో చీనీ చెట్లను బతికించుకున్న పులివెందుల రైతుకు ఈ కష్టం విడమర్చి చెప్పక్కర్లేదు. ఎందుకు పొయ్యాలని యోహాను అడగలేదు. మూడేళ్లకు కట్టె చిగిర్చి కాసింది. గురువు ఆ కాయను గుడికి తీసుకెళ్లి, విధేయతకు కాసిన కాయ అని తోటివారికి పెట్టాడు.

కాసియన్ అనే సన్యాసి రాసిన కథలో ఇంకో యోహాను ఉన్నాడు, లైకోపోలిస్ వాడు. ఆయనకూ గురువు అదే పని చెప్పాడు. ఏడాది నీళ్లు పోసినా కట్టె వేరు పట్టలేదు. గురువు వచ్చి పీకి అవతల పారేశాడు, అంతే. నా మనసు ఈ రెండో యోహాను వైపే. ఫలితం చేతికి రాకపోయినా ఏడాది పొడుగునా నోరెత్తకుండా నీళ్లు మోసినవాణ్ని నేను నమ్ముతాను.

415 ప్రాంతంలో కాసియన్ ఈ ఎడారి అనుభవాలను మార్సేయికి చేర్చాడు. 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ మఠాలు వాటిని అందుకున్నాయి. ఇక మన వైపు చూస్తే, 18వ శతాబ్దం తొలినాళ్లలో పుంగనూరు, కృష్ణాపురం వచ్చిన ఫ్రెంచి జెస్విట్లు మాంసం మాని సన్యాసుల్లా బతికారు. రవ్వలకొండ గుహలో వీరబ్రహ్మం కూర్చున్న సీమకు అది వింతేమీ కాదు. 1822లో లండన్ మిషన్ కడపకు వచ్చింది. ఆపైన బడులు, జమ్మలమడుగులో ఆస్పత్రి. 1976లో కడప మేత్రాసనం ఏర్పడింది.

ఇప్పుడు ఒకపక్క మైకుల హోరులో ప్రార్థన కూటాలు, ఇంకోపక్క ఫోన్లు తీసి పక్కన పెట్టించే మౌన ధ్యానాలు. ఆ ధ్యానాల్లోనూ పొద్దున్నుంచి రాత్రిదాకా ప్రసంగాలే ఉంటే మౌనానికి చోటెక్కడ? 399లో చనిపోయిన ఎడారి సన్యాసి ఎవాగ్రియస్ మధ్యాహ్నపు దయ్యం గురించి రాశాడు. పది గంటల నుంచి రెండింటిదాకా పొద్దు కదలదు, సన్యాసి మాటిమాటికీ కిటికీలోంచి తొంగి చూస్తాడు, ఎవరైనా పలకరించడానికి వస్తే బాగుండనుకుంటాడు. కడప ఎండల్లో ఆ వేళ ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఈ తపస్కాలంలో మౌన ధ్యానం పెట్టే గురువులకు నా మనవి ఒక్కటే. ఆ నాలుగు గంటలూ ప్రసంగం పెట్టకండి. అల్లడానికి ఇంత ఈతాకు ఇవ్వండి.